చెయ్యంత దూరం

గోగునార కట్టను భుజంతో ఎత్తి రోలర్ల నోట్లోకి తోస్తున్నాడు అప్పలసూరి. పళ్ళు నూరుతున్నట్టు తిరుగుతూ ఆ ఇనుప రోలర్లు నారను లోపలికి గుంజుకుంటున్నాయి. నూనె కలిపిన నీటిజల్లు నార మీదా, అతని చేతుల మీదా పడుతోంది. ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది. మిగతా సగాన్ని అతను మిల్లులో చేరిన ఏడాదే ఈ యంత్రం నారతో పాటు లాక్కుపోయింది. ఆ రోజు మేస్త్రీ యంత్రాన్ని ఆపలేదు. వేలికి గోనెపీలిక చుట్టుకుని, షిఫ్టు అయ్యేదాకా అప్పలసూరి రెండో చేత్తోనే తోశాడు.

నలభై దాటిన మనిషి. బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు పలచబడింది. పిక్కలు మాత్రం పేనిన తాళ్ళలా గట్టిగా ఉంటాయి.

మధ్యాహ్నం సైరన్ కూసింది. జనమంతా అన్నం గిన్నెల దగ్గరికి నడిచారు. ఆరుగురు మాత్రం గేటు బయట చేరి, చొక్కాలు విప్పి, పంచెలు ఎగగట్టారు. మిల్లు పరుగు సంఘం అంటే ఆ ఆరుగురే. ఏటి గట్టు వెంట పాత పంపుషెడ్డు దాకా పోయి, దాని గోడ ముట్టుకుని తిరిగి రావాలి. నిదానస్తుడు అందరికంటే ముందు బయల్దేరతాడు. వడిగలవాడు ఆఖర్న బయల్దేరి వాళ్ళందరినీ అందుకోవాలి. ఎవరి వంతు ఎప్పుడో టైంకీపరు నరసింగరావు తేల్చి, ఈల వేసి ఒక్కొక్కరినీ వదులుతాడు.

సంఘం పెట్టినప్పటి నుంచీ ఆఖర్న బయల్దేరేవాడు అప్పలసూరే.

"సూరీ, ఇవాళ నువ్వు మొదట వెళ్ళు," అన్నాడు నరసింగరావు, అతని మొహంలోకి చూడకుండా.

"మొదటేటి బాబూ? నానంత ముసిలోడినైపోనానా?"

"రెండు వారాల నుంచి అందరికంటే వెనక వస్తున్నావు కదయ్యా. నన్నేం చెయ్యమంటావు?"

ఆఖరి చోటు ఇప్పుడు కూర్మయ్యది. నేతఖాతాలో, మగ్గాల మీద పనిచేసే కుర్రాడు. కొత్త యూనియన్ని నిలబెట్టింది అతనే. కిందటి నెల ఈ గేటు ముందే రెండు యూనియన్ల వాళ్ళూ కర్రలతో కొట్టుకున్నారు. ఒకడికి కన్ను పోయింది, ఇంకొకడి మోచెయ్యి పిండి అయింది. రోడ్డు మీద నెత్తురు కనబడకుండా ఇసక పోయించారు. అప్పలసూరి ఏ పక్కకీ చేరలేదు. ఆ గోలంతా అయ్యేదాకా గోడౌనులో, నార బేళ్ళ వెనక కూర్చున్నాడు. కానీ పరుగు దగ్గర మాత్రం రెండు పక్కల వాళ్ళూ ఇప్పటికీ కలిసే పరిగెడుతున్నారు.

"సూరి మావా, నీ ఎనకాలే వస్తన్నాను. కాసుకో," అని నవ్వాడు కూర్మయ్య.

ఈల పడింది. అప్పలసూరి కోపంతో పరిగెత్తాడు. గట్టు మీది ఎర్రమట్టి ఎండకు పెనంలా కాలుతోంది. ఊపిరి గొంతులో గీరుకుంటోంది.

పరుగు అతనికి చిన్నప్పుడే వచ్చింది. గజపతినగరం అవతల మెట్టపొలంలో చోళ్ళు పండించే అతని తండ్రి, ఎద్దుల్ని అదిలించే ములుకోలతోనే కొడుకునీ కొట్టేవాడు. పట్టుబడితే వీపు చిట్లేది. అందుకని పట్టుబడకుండా పరిగెత్తేవాడు. ఒకరోజు అలా పరిగెత్తి మరి ఇంటికి పోలేదు.

తవిటమ్మను చేసుకున్నప్పుడు, తల్లీతండ్రీ లేని తమ్ముణ్ణి కూడా చంకనెత్తుకుని వచ్చిందామె. వాడు అప్పలనరసింహం. వీళ్ళకి పిల్లలు పుట్టలేదు, వాడినే పెంచుకున్నారు. వాడు బడి ఎగ్గొట్టినా, పక్కింటి కోడిని రాయెట్టి కొట్టినా అప్పలసూరి నడుముకున్న బెల్టు తీసేవాడు. వాడు పారిపోయేవాడు కాదు. నిలబడి, కళ్ళార్పకుండా చూస్తూ దెబ్బలు తినేవాడు. ఆ చూపుకే అప్పలసూరికి పిచ్చెక్కేది. "పరిగెత్తరా! పరిగెత్తరా ఎదవా!" అని అరుస్తూ ఇంకా కొట్టేవాడు. పెద్దయ్యాక బావే వాడికి మిల్లులో పని ఇప్పించాడు. గేటు కొట్లాటలో పాత యూనియన్ పక్కన కర్ర పట్టినందుకు పని ఊడింది. ఇప్పుడెవరో లారీల కాంట్రాక్టరు దగ్గర ఉంటున్నాడని, ఇంటికి రావడం లేదని తవిటమ్మ ఏడుస్తోంది.

పంపుషెడ్డు గోడ ముట్టుకున్నాడు అప్పలసూరి. బీడీ వాసన వేసింది. గోడ వెనక్కి తొంగిచూశాడు. ముగ్గురు మనుషులు గొంతుక్కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ఇనపపొన్ను వేసిన వెదురుకర్రలు. మధ్యలోవాడు అప్పలనరసింహం.

"గోడ ముట్టేవు కదా బావా. ఎల్లిపో," అన్నాడు నరసింహం.

"ఇక్కడేటి సేస్తన్నావురా?"

"నీ జోలికి రాం. ఆఖర్నొచ్చేవోడితో పనుంది."

అప్పలసూరి వెనక్కి తిరిగి చూశాడు. గట్టు మీద ఒకరి వెనక ఒకరు దూరదూరంగా వస్తున్నారు. అందరికంటే వెనక, ఎవరికీ అందనంత దూరంలో ఒక్కడే కూర్మయ్య.

"ఆడికి పసిపిల్లలున్నార్రా."

"నాకు సెప్పకు."

"లెగు. ఇంటికి పద. మీ అక్క తిండి మానీసినాది."

"అక్క పేరెత్తకు! నువ్వు నా తోలు ఒలిసినప్పుడు అక్కేటి సేసింది? గుమ్మంలో నిలబడి సూసింది."

అప్పలసూరి వంగి, వాడి ఒళ్ళోని కర్ర పట్టుకుని లాగాడు. నరసింహం వదల్లేదు. పక్కవాడు లేచి అతని మెడ పట్టుకున్నాడు. అప్పలసూరి పిడికిలి వాడి మూతి మీద పడింది. పన్ను విరిగి పిడికిట్లో దిగబడింది. మూడోవాడు నడుం మీద తన్నాడు. వాడి కాలు పట్టుకుని గోడకేసి కొట్టాడు అప్పలసూరి. ఎముక పుటుక్కుమంది. ఇంతకాలం బేళ్ళ వెనక దాచుకున్నదేదో చేతుల్లోకి దిగింది. కూలబడినవాణ్ణి వదిలి, అదే ఊపులో చెయ్యెత్తి నరసింహం వైపు తిరిగాడు.

పైకెత్తిన ఆ చేతిని చూశాడు నరసింహం. వాడి కర్ర లేచింది.

దెబ్బ చెవి పైన తగిలింది. అప్పలసూరి మోకాళ్ళ మీద కూలాడు. నరసింహం కళ్ళార్పకుండా చూస్తూ అక్కడే నిలబడ్డాడు. గట్టు మీద నుంచి కేకలు దగ్గరవుతున్నాయి.

"పరిగెత్తరా," అన్నాడు అప్పలసూరి మెల్లగా. "ఆళ్ళు సంపేస్తారు. పరిగెత్తు."

ఈసారి నరసింహం పరిగెత్తాడు. మూతి పగిలినవాడు కాలు విరిగినవాణ్ణి ఈడ్చుకుంటూ వాడి వెనకే చెరుకుతోటలో పడ్డాడు.

ముందున్న నలుగురినీ దాటుకుని కూర్మయ్య రాయి పట్టుకుని వచ్చేసరికి అక్కడ అప్పలసూరి ఒక్కడే ఉన్నాడు.

"ఎవుల్రా ఆళ్ళు? మావా, ఎవులు?"

"సూడలేదు."

"ఎదురుగుండా కొడితే సూడలేదేటి?"

"ఎండ కంట్లో పడింది. పదండెహె, సైరనిచ్చేస్తే గేటు మూసేస్తాడు."

అతను లేచి పరిగెత్తాడు. మిగతావాళ్ళకీ పరిగెత్తక తప్పలేదు. నెత్తురు మెడ మీదుగా ఛాతీకి కారుతోంది. కుడిచెవిలో రోలర్లు తిరుగుతున్నట్టు హోరు. పక్కనే కూర్మయ్య. చాలా రోజుల తర్వాత అతనితో సమంగా వస్తున్నాడు అప్పలసూరి. జాలిపడి అడుగు తగ్గిస్తాడేమోనని ఓరగా చూశాడు. కూర్మయ్య తగ్గించలేదు, పళ్ళు బిగబట్టి లాగాడు. గేటు దగ్గర చెయ్యంత దూరంలో గెలిచాడు.

"సెయ్యంత దూరమే బాబూ! సూసినారా?" అన్నాడు అప్పలసూరి. నరసింగరావు ఆ నెత్తురు చూసి బిగుసుకుపోయాడు. కూర్మయ్య తన తువ్వాలు అతని తలకి కట్టాడు.

"ఆసుపత్రికి పద మావా."

"ఈ మాత్రానికేటి?"

గెలిచినవాడికి సంఘం ఇచ్చేది ఒక గోలీసోడా. దాన్ని తెచ్చి యంత్రం పక్క కిటికీలో పెట్టాడు కూర్మయ్య. "ఇది నీదే. కాదంటే నా మీదొట్టే."

"గెలిసినోడివి నువ్వు."

"తాగు మావా."

"పనయ్యాక తాగుతాన్లే."

యంత్రం మొదలైంది. రెండు కట్టలు తోశాడు. మూడోది ఎత్తబోయి, ఎందుకో దింపేసి, విప్పిన నార మీద ఒరిగాడు. నిద్రపోతున్నాడనుకుని పక్కమనిషి అతని వంతు కూడా తోశాడు. షిఫ్టు అయ్యాక తట్టి లేపబోతే ఒళ్ళు చల్లబడి ఉంది.

తవిటమ్మ జుట్టు విరబోసుకుని రోడ్డంతా అరుస్తూ వచ్చింది. ఆమె వెనక నరసింహం వచ్చాడు. గేటు దగ్గర ఆగిపోయాడు.

"నువ్వెవరు?" అన్నాడు కొత్తగా చేరిన కాపలావాడు.

వాడు గేటు ఊచ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. నులకమంచం మీద శవాన్ని బయటికి తెచ్చినప్పుడు, తలవైపు కోడు పట్టుకున్న కూర్మయ్యను తప్పించి తన భుజం పెట్టాడు. కూర్మయ్య వాడి చేతులకేసి చూశాడు, తర్వాత మొహంలోకి చూశాడు. వాడు తల ఎత్తలేదు.

రాత్రి షిఫ్టు మనిషి వచ్చి యంత్రం నడిపాడు. ఆ అదురుకి కిటికీలోని ఆకుపచ్చ సీసా సన్నగా వణుకుతోంది. లోపల సోడా అలాగే ఉంది, గోలీ మూతి దగ్గరే బిగుసుకుని ఉంది.