తొమ్మిదో అమ్మాయి

ముప్పై ఏళ్లు ఒకే కాలేజీలో బాస్కెట్‌బాల్ నేర్పిన ఆయన్ని ఆడపిల్లలంతా విజిల్ మాస్టారు అనేవారు. మనిషి ముక్కుసూటి. ఎవరి సిఫారసూ ఆయన దగ్గర చెల్లేది కాదు. ప్రిన్సిపాల్ మేనకోడలిని సైతం మొహమాటం లేకుండా వెనక్కి పంపిన ఘనత ఆయనది.

అలాంటి మనిషి కూతురే ఆ కాలేజీలో చేరి సెలెక్షన్‌కి వచ్చింది. టీములో పన్నెండు మందికే చోటు. రెండు రోజులు ఆడించి, మాస్టారు జాబితాని నోటీసు బోర్డుకి అంటించారు. అందులో కూతురి పేరు లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో భార్య నిలదీసింది.

"ఊళ్లో పిల్లలందరికీ నేర్పుతారు. మన పిల్ల మాత్రం పనికిరాలేదా?"

"ఆటలో కూతుళ్లుండరు" అన్నారాయన.

కూతురు షూస్ కడిగి ఆరబెట్టి, పక్కింటి అమ్మాయికి ఇచ్చేసింది. మళ్లీ బంతి ముట్టుకోలేదు. చదువు పూర్తిచేసి, ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగంలో చేరింది. తండ్రితో మామూలుగానే ఉండేది. ఆట ఊసు తప్ప అన్నీ మాట్లాడేది.

మాస్టారి టీములు నాలుగుసార్లు కప్పు తెచ్చాయి. కన్నకూతుర్నే పక్కనపెట్టిన మనిషని జనం చెప్పుకునేవారు. ఆ మెప్పు చెవికి ఇంపుగానే ఉండేది.

రిటైరయ్యే రోజు మధ్యాహ్నం సామాన్ల గదిలో బంతులు అప్పగిస్తుంటే, మొదట్నుంచీ అసిస్టెంటుగా ఉన్నావిడ ఉండబట్టలేక అడిగింది.

"ఒక్క మాట సార్. అప్పుడు మీ అమ్మాయిని ఎందుకు తీసేశారు? ఇద్దరం వేసిన మార్కులు కలిపితే తను తొమ్మిదోది కదా."

"ఆ రోజే అడగొచ్చుగా?"

"అడిగే ధైర్యం ఎవరికుంది సార్? విజిల్ మీ నోట్లో ఉండేది!"

మాస్టారికి నవ్వు రాలేదు. ఆ సంగతి ఆయన మరిచిపోలేదు. తెలిసే కొట్టేశారు. తీసుకుంటే నలుగురూ ఏమంటారోనని భయం. ఆ భయానికే ఇన్నాళ్లూ న్యాయమని పేరు పెట్టుకున్నారు.

సన్మానానికి ఇంకా రెండు గంటలుంది. నేరుగా ఆసుపత్రికి వెళ్లి, ఎక్స్‌రే గది బయట బల్ల మీద కాళ్లూ చేతులూ విరిగినవాళ్ల మధ్య కూర్చున్నారు. తలుపు తీసిన కూతురు కంగారుపడింది.

"ఏమైంది నాన్నా? ఎక్కడైనా పడ్డావా?"

"పడలేదమ్మా. నీకొకటి చెప్పాలి. ఆ సెలెక్షన్‌లో నువ్వు తొమ్మిదోదానివి. జనానికి జడిసి నేనే నీ పేరు కొట్టేశాను."

ఆమె తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"టీములో లేనని కాదు నాన్నా నా బాధ. నాకు ఆట రాదని నువ్వే తేల్చేశావనుకున్నాను. ఇన్నేళ్లూ అదే నమ్మాను."

ఆమె లోపలికి వెళ్లి, మిగిలిన ఇద్దరికీ ఎక్స్‌రేలు తీసి, వచ్చి పక్కన కూర్చుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"క్షమించావా అని మాత్రం ఇప్పుడే అడక్కు."

"అడగను."

"సరే చెప్పు. ఆ రోజు నేనేం బాగా ఆడాను?"

మాస్టారు లేచారు. తనకంటే జానెడు పొడవైన అమ్మాయిని ఆమె మూలకి ఎలా తరిమిందో, ఒక్క ఫౌల్ లేకుండా బంతి ఎలా లాగేసిందో, వరండాలో అడుగులు వేస్తూ చూపించసాగారు. సన్మానం వేళ దాటిపోతోంది. కట్లు కట్టించుకున్నవాళ్లు నోళ్లు తెరిచి చూస్తున్నారు.

"ఇంకా?" అంది కూతురు.