ముత్యాలయ్య మెడలోని గడ్డ

కావలి కళాశాలలో జంతుశాస్త్రం బోధించి, విశ్రాంత జీవితాన్ని దొరవారిసత్రంలో గడుపుతున్న నాకు, పులికాట్ ఒడ్డున జాలరులు వేసుకునే వంతుల చీటీలతో ఎట్టి సంబంధమూ లేదు. అయినా ఆ ఉదయం అక్కడ కుర్చీ వేయించుకొని కూర్చున్నాను. కారణం ముత్యాలయ్య.

మా ఇంటికి ఏళ్ల తరబడి రొయ్యలు తెచ్చే ఈ జాలరికి నిరుడు మెడలో గడ్డలు లేచాయి. ముక్క తీసి పరీక్షించకుండానే ఒక వైద్యుడు క్షయ అని మాత్రలిచ్చాడు. గడ్డలు తగ్గలేదు. తరువాత నెల్లూరులో ముక్క తీసి చూడగా హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే శోషరస గ్రంథుల క్యాన్సర్, అని తేలింది. చికిత్స ఫలించింది, స్కానులో జబ్బు జాడ లేదన్నారు. ఊరు మాత్రం మొదటి మాటనే పట్టుకుంది. ఒకే పడవలో ఒకే కుండ నీళ్లు తాగుతూ వల లాగేచోట క్షయ మనిషికి వంతు ఇవ్వరాదని అనుకున్నారు. ఆ రోజు చీటీల్లో పేరు లేకపోతే సరస్సులో వల వేసే హక్కు ఏడాదిపాటు పోతుంది.

ఊరిపెద్ద కామయ్య ముత్యాలయ్య మెడను వేళ్లతో తడిమాడు.

"ఇంకా చిక్కుడుగింజంత తగలతా ఉండాది సార్. పోయిందంటే ఎట్ట నమ్మేది?"

నేను లేచి నిలబడ్డాను. కూర్చొని పాఠం చెప్పడం నా పద్ధతి కాదు. మన ఒంట్లో బి కణాలనే రక్షక కణాలున్నాయనీ, రోగక్రిమి ఎదురైనప్పుడు అవి శోషరస గ్రంథిలో చేరి, దానిని మరింత గట్టిగా పట్టుకోవడానికి తమ జన్యువులను తామే మార్చుకుంటాయనీ వివరించాను. మార్పు వికటించిన కణం చనిపోవాలి. అది శరీర నియమం. ముత్యాలయ్యలో అటువంటి కణం ఒకటి చావక మిగిలి సంతతిని పెంచుకుంది. అది పరాయి క్రిమి కాదు, అతని సొంత కణమే. నీళ్ల వెంట మరొకరికి పాకదు. పైగా ఆ గడ్డలో చెడ్డ కణాలు బహుకొద్ది. తక్కినవన్నీ అవి పిలిపించుకున్న మంచి కణాలే. పిలిచిన చెడ్డ కణాలు మందులకు నశించాయి. ఇప్పుడు వేలికి తగిలేది మానిన పుండు మచ్చ వంటిది.

"అంటే పెండ్లికొడుకు పొయ్యినా చుట్టాలు కదల్లేదంటారు," అన్నాడు కామయ్య. అందరూ నవ్వారు.

"చుట్టాలూ వెళ్లిపోయారు. పందిరి మిగిలింది," అన్నాను.

వెనకనుంచి ప్రసాద్ అనే పడుచువాడు, పాఠం బాగానే ఉంది గానీ కుండ సంగతేమిటని అడిగాడు. ముత్యాలయ్య తలవంచుకొని కాలివేలితో ఇసుక గీరుతున్నాడు.

కాచి చల్లార్చిన నీరు తప్ప నేను తాగనని ఊరంతటికీ తెలుసు. సీసా నా చంకలోనే ఉంది. దానిని కుర్చీలో పెట్టి, ముత్యాలయ్య పడవలోని కుండ తెప్పించాను. ముందు అతణ్ణి తాగమన్నాను. అదే లోటాతో నేనూ తాగాను. నీళ్లలో రొయ్యల వాసన ఉంది. లోటా కామయ్యకు అందించాను. ఆయన కాసేపు లోటాను, కాసేపు నన్ను చూసి, గటగట తాగాడు.

"రాయండ్రా వాడి పేరు," అన్నాడు మూతి తుడుచుకుంటూ.

చీటీల్లో ముత్యాలయ్య వంతు మూడోదిగా వచ్చింది. అతని భార్య పోలేరమ్మ కళ్లొత్తుకొని నా సీసా తెచ్చి ఇచ్చింది.

"రేపు సార్‌కు కడుపునొప్పొస్తే మా ఆయన మింద పెట్టబాకండి."

మర్నాడు నా కడుపు కొంత కలత చెందిన మాట వాస్తవమే. అందుకు ఆ కుండే కారణమని నిరూపణ లేనందున ఎవరికీ చెప్పలేదు.