లింగంపల్లిలో దిగని మనిషి

సీట్ల కింద చీపురు దూరుస్తూ, కనపడ్డ ప్రతి నిద్రమొహాన్నీ లేపుకుంటూ వస్తున్నాడు జాషువా. ఈ ఎంఎంటీఎస్ లోకల్ రైలుకు లింగంపల్లే ఆఖరు, అందరూ దిగాల్సిందే. కానీ నిద్రకు స్టేషన్లు తెలియవు. జాషువా ఎవరినీ చేత్తో తాకడు. లాగిన్‌కు ముందు ఓ కునుకు లాగించే కుర్రాళ్ల దగ్గర “హైటెక్ సిటీ దాటిపోయిందండీ” అంటే చాలు, సంచీకన్నా ముందు గుండె ఎగిరిపడుతుంది. రాత్రి డ్యూటీ నర్సమ్మలైతే నీళ్ల సీసా కదిలిన చప్పుడుకే లేస్తారు. బోగీ ఊడ్చినందుకు జీతం, నిద్ర ఊడగొట్టినందుకు తిట్లు.

సన్నటి మనిషి. నడుము ముందుకు వంగి అలాగే ఉండిపోయింది. భార్య పోయాక అతన్ని లేపేవాళ్లు లేరు. తెల్లారకముందే తనంతట తనే లేచి, ఊళ్లోవాళ్లందర్నీ లేపడానికి వస్తాడు.

చివరి కిటికీ పక్కన లింగమూర్తి కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. హైటెక్ సిటీలో ఒక అద్దాల భవనానికి రాత్రి కాపలాదారు. బోరబండ గదిలో ఆయన వాటాకొచ్చిన మంచం మధ్యాహ్నం దాకా ఒక హోటల్ వంటాయనది. అందాక ఈ రైలే ఆయనకు పడక. ఆ చివరిదాకా పోయి మళ్లీ ఈ చివరికి వస్తుంటాడు. జాషువా రోజూ చూసీ చూడనట్టు ఊడ్చుకుపోయేవాడు.

ఇవాళ అలా కుదరదు.

“లింగమూర్తి గారూ, లేవండి. ఆగిన రైల్లో మనిషి కనపడకూడదని ఆర్డరండి. వచ్చే ట్రిప్పుకి మా సూపర్‌వైజరు జయంతి మేడమ్ తనిఖీకొస్తారు. మీరుంటే నా పని పోద్ది.”

లింగమూర్తి ఒక కన్ను తెరిచాడు. “ఏందన్నా, రాత్రంత వాళ్ల బిల్డింగు నేను కాస్తున్న. పొద్దుగాల జర నా నిద్ర నువ్వు కాయరాదు?”

“కాసీ కాసీ చేతులు కాయలు కాశాయండీ.”

“ఇంకొక్క రౌండు పండనియ్యి. గా వంటాయన ఇంక లేవలే. రేపట్నుంచి ఏడనన్న చూస్కుంట.”

“ఒక్కటేనండీ. వచ్చేసరికి లేచి కూర్చోండి మరి.”

“ఫికర్ చెయ్యకు.”

ఎండ మొహాన పడకుండా కిటికీ రెక్క దించి జాషువా దిగాడు.

రైలు తిరిగొచ్చేసరికి జయంతి ప్లాట్‌ఫారం మీద ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఖాళీ పెట్టెల ఫొటోలు తీసి పైవాళ్లకు పంపాలి. చివరి కిటికీ దగ్గర ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు. జాషువా కావాలనే అవతలి కొస నుంచి మొదలుపెట్టాడు. ఊడ్చినచోటే మళ్లీ ఊడ్చాడు. రేపు ఈయన ఎక్కడ పడుకుంటాడు? అప్పుడు గుర్తొచ్చింది, గోపన్‌పల్లిలో పగలంతా తాళమేసి ఉండే తన గది. ఇన్నాళ్లూ తట్టనే లేదు. తనను తనే తిట్టుకుని, చీపురు పక్కన పెట్టి గబగబా నడిచాడు.

“లింగమూర్తి గారూ, లేవండి. మా గదికి పోదాం.”

పలుకు లేదు. జాషువా మొదటిసారి చెయ్యి వేశాడు. భుజం చల్లగా ఉంది.

“బాబాయ్, ఆయన్ని లేపవేంది?” అంటూ జయంతి లోపలికొచ్చింది.

“లేవరమ్మా.”

ఆమె దగ్గరికొచ్చి చూసి, ఫోను సంచిలో పెట్టేసుకుంది. “మీవాళ్లా?”

“మా గదికి రావాల్సిన మనిషమ్మా.”

పోలీసులొచ్చారు. స్ట్రెచర్ వెళ్లిపోయింది. రైలు ఆలస్యంగా కదిలింది. ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ జాషువాకు తెరిచిన తలుపులోంచి చివరి సీటు కనిపించింది. దాని కింద నల్ల బూట్ల జత, మడిచిన మేజోళ్లు లోపల కుక్కి, ఎవరి కాలికీ తగలకుండా గోడకు ఆనించి ఉంది.