వీరాస్వామి చొక్కా

గోదావరి మీద రైలు వంతెన కడుతున్న రోజుల్లో, రాజమండ్రిలో దొరసాని గారు పెట్టిన కుట్టుపని బడిలో నేను పని నేర్పేదాన్ని. ఒకరోజు మా దగ్గర నేర్చుకునే దేవకుమారి ఒక తెల్ల చొక్కా పట్టుకొచ్చింది. అది చనిపోయిన ఆమె భర్త వీరాస్వామిది. వాళ్ల పేటలో గుండీల చొక్కా తొడిగిన మొదటి మనిషి అతనే. కలరాతో పోయి రెండేళ్లయింది.

ఇప్పుడు దేవకుమారికి మళ్లీ పెళ్లి. సంబంధం చూసింది ఎవరనుకున్నారు? అత్త పాపాయమ్మే! పాదిరి గారితో తనే మాట్లాడి, చర్చిలో పాటలు పాడించే ఏసురాజును ఒప్పించింది. పైగా పెళ్లిలో అతన్ని తొడుక్కోమని కొడుకు చొక్కా ఇచ్చింది. అంత గుండె నాకైతే లేదు.

ఏసురాజు బక్కపలచటివాడు. చొక్కా తగ్గించాలి. కానీ దేవకుమారి బెంగ వేరు. కొడుకు చొక్కా ఇంకొకరి ఒంటి మీద చూసి అత్త తట్టుకోలేదేమోనని. అందుకని పక్కలు లోపలికి పట్టి, చేతులు పొట్టి చేసి, గుండీలకు రెండువైపులా మిషను మీద నీలం దారంతో తీగలూ పువ్వులూ కుట్టేసింది. పాత చొక్కా ఆనవాలే లేదు. భేషుగ్గా ఉందని నేనూ మెచ్చుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

పెళ్లి ముందురోజు పాపాయమ్మ చొక్కా చూడ్డానికి బడికి వచ్చింది.

“ఇదెవరిదే?”

“మన చొక్కాయే అత్తా. మీరు గుర్తుపట్టి బాధపడతారని...”

“గుర్తుపట్టాలనే కదటే ఇచ్చింది! రేపు పెళ్లిలో నా పక్కన నిలబడ్డానికి ఎవరున్నారే నాకు? వాడి చొక్కా అయినా అక్కడుంటుందనుకున్నాను,” అంటూ బావురుమంది.

దేవకుమారి చొక్కా తిరగేసి, కుట్టు చివర ముడిని పంటితో తెంపి, దారం కొస అత్త చేతికిచ్చింది.

“లాగండి అత్తా.”

మా మిషనుది ఒంటిదారం కుట్టు. కొస విడితే చాలు, మొత్తం ఊడి వచ్చేస్తుంది. పాపాయమ్మ లాగింది. కుడివైపు పువ్వులన్నీ వరసగా పోయి తెల్లగుడ్డ బయటపడింది. ఆమె దాన్ని అరచేత్తో చాలాసేపు నిమిరింది. దేవకుమారి ఎడమవైపు కొస కూడా విప్పి అందించింది.

పాపాయమ్మ దారం పట్టుకుని కాసేపు ఆలోచించి, వదిలేసింది.

“ఇటుపక్కది ఉండనీవే. ముడేసెయ్యి. పాపం ఆ అబ్బాయికి కూడా తనదంటూ ఏదో ఒకటి ఉండాలి కదా.”