ఆదివారం ఫోన్ ఎత్తని వాళ్ళు

"కాస్త సర్వర్ చూడవోయ్, బిల్లులు రావట్లేదట" అని మా ఆయన ఫోన్ చేసేటప్పటికి నేను దుప్పటి పిండుతున్నాను. ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస మెలితిప్పుతూ, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని విన్నాను. ఈయన నోట్లో 'కాస్త' అనే మాట ఎంత తేలికో! కాస్త అన్నం పెట్టు, కాస్త అమ్మ కాళ్ళకి మందు రాయి, కాస్త సర్వర్ చూడు. చేతులు తుడుచుకుని లాప్‌టాప్ తెరిచాను. డిస్క్ నిండిపోయింది. పాత బ్యాకప్‌లు వేరేచోటికి తరలించాక బిల్లులు రావడం మొదలైంది. దుప్పటి అలాగే కుళాయికి వేలాడుతోంది.

మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం. మాది అంటున్నానుగానీ, బావగారిదీ మా ఆయనదీ; అందులోంచి నెలనెలా జీతం తీసుకునేదీ వాళ్ళిద్దరే. ఏ గోదాములో ఏ మందుంది, ఏది గడువు దాటబోతోంది, ఎవరికెంత బిల్లయింది, అంతా ఆ సర్వర్‌లోనే ఉంటుంది. పెళ్ళికి ముందు నేను చేసిన ఉద్యోగం సర్వర్లు చూసుకోవడమే కనక, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో దాన్ని నేనే నిలబెట్టాను. నాకది ఇష్టం. ఎక్కడ తప్పు జరిగిందో మూత తీసి చూసుకోవచ్చు, కావలసినట్టు మార్చుకోవచ్చు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. పాపని ఒళ్ళో వేసుకుని జోకొడుతూ నేర్చుకున్న పనులు కూడా అందులో ఉన్నాయి. నేను జ్వరంతో మూలుగుతున్న రోజున మా ఆయన లాప్‌టాప్‌ని మంచం మీదకే తెచ్చిపెట్టారు, ఎంతో ప్రేమగా. "ఇంట్లో కూర్చుని మీటలు నొక్కడమేగా" అంటుంది అత్తగారు.

ఈమధ్య కొత్త బ్రాంచి పెట్టే ఆలోచన వచ్చింది. పనిలోపనిగా సర్వర్‌కి డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ వేయిస్తే ఎలా ఉంటుందని, బావగారు ఒక కంపెనీ సేల్స్ మేనేజర్‌ని పిలిపించారు. నన్నూ రమ్మన్నారు. టీ కప్పులు అందించి గోడపక్క కుర్చీలో కూర్చున్నాను.

"ఇప్పుడున్నది ఉచితమే సార్, కాదనను. పాడైతే ఎవరికి ఫోన్ చేస్తారు?" అన్నాడతను.

"మా ఆవిడకి" అన్నారు మా ఆయన. ముగ్గురూ నవ్వారు.

"అంటే సపోర్ట్ లేదన్నమాట" అని అతను తన షరతులు చెప్పుకుపోయాడు. సాయంత్రం ఆరు దాటితే వాళ్ళ ఇంజనీర్లు ఫోన్ ఎత్తరు. ఆదివారాలు, సెలవులు అసలే ఎత్తరు. ఎత్తాలంటే రేటు వేరు. బావగారు విరుచుకుపడతారని ఆయన మొహమే చూస్తున్నాను. ఆయన తల ఊపి, "అంతేగా మరి, వాళ్ళకీ ఇల్లూ సంసారం ఉంటాయి" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ముక్కూ మొహం తెలియని ఇంజనీరుకి ఇల్లూ సంసారం ఉంటాయని ఈయనకి ఎంత చప్పున తట్టింది! రోజూ కళ్ళెదుట తిరిగే నాకు ఉన్నాయని ఒక్కనాడూ తట్టలేదే. అతని సరుకే కొనెయ్యమంటే నా పీడ విరగడవుతుంది, ఆదివారాలు హాయిగా పడుకుంటాను. అను, ఆ ఒక్క మాటా అను, అని మనసు పోరుతోంది. కానీ నేను కట్టినదాన్ని పనికిరాదని నా నోటితో నేనెలా అనను? పైగా అది అబద్ధం. నేను తప్పుకోవడానికి నా పని మీద నిందెందుకు వెయ్యాలి?

అతను వెళ్ళాక బావగారు నావైపు తిరిగారు. "ఏమ్మా, నువ్వేమంటావ్?"

"ఉన్నదే మంచిది బావగారూ. కొత్త బ్రాంచికీ సరిపోతుంది. అతనిది కొంటే కంప్యూటర్‌కి ఇంతని ఏటేటా కట్టాలి, మారడానికే నెలలు పడతాయి."

"ఇంకనేం! ఊరికే వచ్చేది ఉండగా కొనడమెందుకు?" అన్నారు మా ఆయన, లేవబోతూ.

"కూర్చోండి, ఇంకా అవలేదు. సాఫ్ట్‌వేర్ ఊరికే వస్తుంది, చూసే మనిషి ఇకమీదట ఊరికే రాదు. అతని ఇంజనీర్లకున్న షరతులే నాకూ కావాలి. ఆరింటిదాకా పని, ఆదివారం సెలవు, నెలనెలా జీతం. కుదరదంటే వేరే మనిషిని పెట్టుకోండి, పాస్‌వర్డులతో సహా అన్నీ అప్పగిస్తాను."

"ఏమిటిది, పరాయిదానిలా?" అన్నారు మా ఆయన. బావగారు ఆయన్ని చెయ్యెత్తి ఆపి, చిన్నపిల్లకి నచ్చజెబుతున్నట్టు, "ఇంటి మనిషివి, నీకు జీతమేమిటమ్మా?" అన్నారు.

గోడపక్క కుర్చీని ముందుకు జరుపుకున్నాను.

"మీరూ ఇంటి మనిషేగా బావగారూ, మీరు తీసుకోవట్లేదా?"