మాలకొండయ్య కూర్చున్న చోటు

నేను ఒక యుద్ధ ట్యాంకును. కంగారు పడకండి, పొడవు జానెడు, ఎత్తు నాలుగు వేళ్ళు, అంతే నేను. అసలు ట్యాంకు ఇటుకగోడను తోసుకుని పోతుంది. నన్ను ఒకసారి బల్లి తోసుకుని పోయింది.

పుట్టినప్పుడు ఈ మాత్రం ట్యాంకును కూడా కాను. ఏదో దేశంలో కరిగిన ప్లాస్టిక్కును ఉక్కు అచ్చులోకి నొక్కితే, చల్లారాక ముక్కలు ముక్కలుగా చట్రాలకు అతుక్కుని బయటపడ్డాను. చక్రాలు ఒక చట్రానికి, ఫిరంగి గొట్టం ఒకదానికి, మూతలూ కొక్కేలూ మరొకదానికి. అన్నిటినీ అట్టపెట్టెలో సర్ది, పెట్టె మీద మాత్రం నిప్పులు కక్కుతూ గుట్ట దిగుతున్న ట్యాంకు బొమ్మ వేశారు. పెళ్ళిచూపులకు పంపే ఫొటోల సంగతి తెలిశాక, ఆ బొమ్మ విషయంలో నాకున్న సిగ్గు కొంత తగ్గింది.

సికింద్రాబాదులో ఒక బొమ్మల కొట్టు అద్దం వెనక చాలాకాలం ఉన్నాను. పిల్లలు ఆశగా చూసేవాళ్ళు. లోపలున్నవి ముక్కలని తెలియగానే కీ ఇస్తే పరిగెత్తే కారు కొనిపించుకుని పోయేవాళ్ళు. ఒకరోజు ఒక పెద్దాయన భార్య చెయ్యి పట్టుకుని కంటి ఆసుపత్రి నుంచి వస్తూ కొట్టు ముందు ఆగాడు. అద్దానికి ముఖం ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ, పెట్టెను కొంచెం కొంచెంగా చూశాడు.

"మనదే," అన్నాడు.

"ఏంది మనది?" అంది ఆవిడ.

"నేను కూర్చున్న బండి, భ్రమరా. ఇదే."

కొట్టతను పెట్టె దించి దుమ్ము తుడుస్తూ, "బాబుకి ఎన్నేళ్ళండీ?" అని అడిగాడు.

"డెబ్బై ఆరు," అన్నాడు పెద్దాయన.

ఆయన పేరు చెన్నకేశవులు. డెబ్బై ఒకటి యుద్ధంలో ట్యాంకు గన్నరు, అంటే గురిపెట్టి పేల్చేవాడు. ఉద్యోగం అయిపోయాక భార్య భ్రమరాంబతో తిరుమలగిరిలో స్థిరపడ్డాడు. ఇప్పుడు కళ్ళకు నీటికాసులు. చూపు అంచుల నుంచి తరిగిపోతూ వచ్చి, నడిమధ్య కాస్త మిగిలింది. "గన్ సైటులోంచి చూసినట్టే ఉంది, నాకు అలవాటే," అని డాక్టరుతో అన్నాడట. డాక్టరు నవ్వలేదట. ఆ మిగిలింది కూడా ఎంతోకాలం ఉండదని చెప్పాడట.

అందుకే ఆయన తొందర. ఆ తొందరంతా కందుకూరులో ఉన్న రవణమ్మ కోసం. రవణమ్మ భర్త మాలకొండయ్య అదే ట్యాంకుకు డ్రైవరు. ఇద్దరిదీ ఒకే జిల్లా, తినేది ఒకే పళ్ళెంలో. యుద్ధంలో ట్యాంకు కాలిపోయింది. చెన్నకేశవులు బయటపడ్డాడు, మాలకొండయ్య పడలేదు. పెళ్ళయి ఏడాది తిరగని ఆ పిల్ల దగ్గరికి చెన్నకేశవులే వెళ్ళి, "గుండు తగలగానే పోయాడమ్మా, నొప్పి కూడా తెలీదు," అని చెప్పి వచ్చాడు. అప్పటి నుంచీ మాలకొండయ్య పోయిన రోజుకు ఏటా వెళ్ళి, ఆవిడ చేతి అన్నం తిని వస్తున్నాడు. కిందటేడు వడ్డిస్తూ రవణమ్మ అడిగిందట: "అన్నా, ఆయన కూర్చున్న చోటు ఎట్టుంటదో నేను ఎన్నడూ చూళ్ళేదు. నాకు చూపించకూడదా?"

తన చూపు ఉండగానే చూపించాలి. ఆయనకున్న కోరికల్లా అదొక్కటే.

అంతకుముందు ఆయన ఇలాంటి బొమ్మ ఒక్కటీ కట్టి ఎరగడు. చట్రం నుంచి ముక్కల్ని సన్నటి కత్తెరతో కత్తిరించాలి. ఆయన గోళ్ళు తీసుకునే కట్టరు పట్టుకుని కూర్చున్నాడు. జిగురు సూదిమొన మీద నిలిచేంత చాలు. ఆయన ఇడ్లీ మీద నెయ్యి వేసినట్టు వేశాడు. నా ఎడమ పక్క కాస్త కరిగి, ఆయన బొటనవేలి ముద్ర దిగబడింది. ఒక కొక్కెం ఎగిరిపోతే ఇద్దరూ మోకాళ్ళ మీద గదంతా వెతికారు. చివరికి భ్రమరాంబ దాన్ని ఆయన చొక్కా జేబులో కనిపెట్టింది.

"మైలు దూరాన ఉన్నవాణ్ణి గురిచూసి కొట్టానంటావు. జేబులో ఉన్నది కనపడదా?"

"మైలు దూరమైతే కనపడేది. జేబు మరీ దగ్గర."

రంగు వెయ్యడం భ్రమరాంబ వంతు. బి.ఏ. చదివిన మనిషి. ఆ ఇంట్లో దిండు గలీబుల మీదా టీవీ కవరు మీదా ఉన్న నెమళ్ళన్నీ ఆవిడ వేసినవే. ఆ ధైర్యంతో సీసాలోని రంగు ఉన్నది ఉన్నట్టు పులిమేసింది. బజ్జీకి పిండి పట్టించినట్టు తయారయ్యాను. నా ఒంటి మీది సన్నటి మేకుతలలన్నీ మునిగిపోయాయి. ఆవిడ కాసేపు నన్ను చూసి, స్పిరిట్టులో దూది ముంచి మొత్తం తుడిచేసింది. ఈసారి రంగును నీళ్ళ మజ్జిగలా పలచన చేసి, ఒక పూత ఆరాకనే ఇంకో పూత వేసుకుంటూ వచ్చింది. ఆయన పక్కన కూర్చుని ఊరుకునే రకమా?

"ఇది మెంతికూర రంగు. మా బండిది ఎండిన గోంగూర రంగు."

"ఎండిన గోంగూర ఏ కొట్లో అమ్ముతారో చెప్పు, పోయి తెస్తా."

ఆకుపచ్చలో పిసరు గోధుమరంగు కలిపి, కలిపి, చివరికి ఆయన నోరు మూయించింది. చక్రాలకు బురద రంగు మాత్రం వెయ్యనంది. "ఇన్నేళ్ళూ నీ బూట్ల బురద కడిగింది చాలు." ఆవిడ వంటింట్లో ఉన్నప్పుడు ఆయన పూలకుండీలో మట్టి తడిపి నా అడుగున రుద్దాడు. పైన ఆవిడ శుభ్రం, కింద ఆయన బురద. ఇద్దరి కాపురం నా ఒంటి మీద చదువుకోవచ్చు.

అన్నిటికంటే ఆయన ఎక్కువ పాటుపడింది డ్రైవరు మూత దగ్గర. నా ముందుభాగంలో, చిటికెనవేలి గోరంత ఉంటుంది. అది అసలుదానిలాగే తెరుచుకోవాలి, మూసుకోవాలి. పైన ఫిరంగి ఉండే భాగం, టరెట్ అంటారు, అదీ అసలుదానిలాగే తిరగాలి. అందుకని రెండు చోట్లా జిగురు తగలనివ్వలేదు.

భ్రమరాంబ సంసారం నడిపిన మనిషి. వదులుగా ఊగే పిడి గానీ, బిగుసుకోని మూత గానీ ఆవిడ ఇంట్లో ఒక్క పూట కూడా ఉండదు. కందుకూరు ప్రయాణం ముందురోజు నన్ను తువ్వాలులో చుట్టబోతూ చూస్తే టరెట్ కదులుతోంది. బస్సు కుదుపులకు ఊడిపోతే ఇంత కష్టమూ ఏం కావాలి? ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు గొట్టాన్ని చక్కగా ముందుకు తిప్పి, చుట్టూ దండిగా జిగురు పెట్టింది. ఆరేదాకా రెండు చేతులతో నొక్కి పట్టుకుంది కూడా.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చి నన్ను చేతిలోకి తీసుకున్నాడు. అప్పటికే కంటికంటే వేలితోనే ఎక్కువ చూస్తున్నాడు. వేలు డ్రైవరు మూత మీదికి వెళ్ళింది. మూత కాస్త లేచి గొట్టానికి తగిలి ఆగిపోయింది. టరెట్ తిప్పబోయాడు. తిరగలేదు. మళ్ళీ తిప్పాడు. ఆ తర్వాత ఆయన చేతిలో ఉన్నది బొమ్మ అన్న సంగతి ఆయన మరిచిపోయాడనుకుంటాను. అరచేత్తో తోస్తున్నాడు, పళ్ళు బిగించి తోస్తున్నాడు. "తిరుగు... తిరగవే..." అంటున్నాడు.

భ్రమరాంబ పరుగెత్తుకొచ్చింది. "నేనే అంటించా, ఊడిపోద్దని. ఏమైందిప్పుడు?"

ఆయన నేల మీద కూలబడ్డాడు.

"గుండు తగలగానే కరెంటు పోయింది భ్రమరా. గొట్టం సరిగ్గా వాడి మూత మీద ఆగిపోయింది. టరెట్ పక్కకి తిరిగితే తప్ప ఆ మూత లేవదు. కింద ఇంకో దారి ఉంటది గానీ బండి బురదలో దిగబడి ఉంది. చేత్తో తిప్పే చక్రం నా పక్కనే. తిప్పా. ఇరుక్కుపోయింది. మంట నా మీదికి వచ్చిందాకా తిప్పుతానే ఉన్నా. వాడు లోపల్నించి కొడతన్నాడు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మాట ఆవిడకు కూడా చెప్పలేదు. ఆవిడ పక్కన కూర్చుని, "అయితే తగలగానే పోలేదా?" అంది.

"లేదు."

ఆవిడ నన్ను ఒళ్ళోకి తీసుకుంది. ఒక చేత్తో నా ఒళ్ళూ, ఒక చేత్తో టరెట్టూ పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పింది. ఫటుక్కుమంది. లోపల టరెట్‌ను పట్టి ఉంచే చిన్న ముక్క విరిగింది. అప్పటి నుంచీ నా టరెట్ ముట్టుకుంటే తిరుగుతుంది. గొట్టాన్ని పక్కకి జరిపి, మూత ఎత్తి, ఆయన వేలు తెచ్చి దాని మీద పెట్టింది.

"తెరుచుకుంది, చూడు. ఇట్టాగే చూపిద్దాం. మిగతాది ఆ అమ్మాయికి ఎందుకు?"

ఆ అమ్మాయికి అప్పుడు డెబ్బై దాటాయి.

కందుకూరులో రవణమ్మది ఒక్కటే గది. ముందు కుట్టుమిషను, వెనక పొయ్యి. గోడ మీద మాలకొండయ్య యూనిఫారంలో, మీసం ఇంకా సరిగా రాని ముఖంతో ఉన్నాడు. భోజనాలయ్యాక చెన్నకేశవులు తువ్వాలు విప్పి, మూత తెరిచి ఉన్న నన్ను ఆవిడ ముందు పెట్టాడు.

"ఇదిగో. ఇక్కడ కూర్చునేవాడు. అసల్దాంట్లో ఏది ఎట్టుంటే ఇందులో అట్టే చేశానమ్మా, రవ్వంత తేడా లేదు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది.

"ఇంత ఇరుకా! మంచం చివర్దాకా కాళ్ళు చాపకపోతే నిద్ర పట్టదని నన్ను గోడకి నెట్టేవోడే!"

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు మీదే వాళ్ళు లేచి రావలసింది. కాని రవణమ్మ బతుకంతా బట్టలు కుట్టింది. చేతికొచ్చిన దేన్నయినా తిరగేసి లోపలి కుట్టు చూడందే కింద పెట్టదు. నన్నూ తిరగేసింది. "అడుగున ఈ మట్టి వదిన పని కాదులే," అంది. మళ్ళీ నిలబెట్టి, పక్కకి ఉన్న గొట్టాన్ని కాలరు సర్దినట్టు ముందుకు సర్దబోయింది. అది తెరిచిన మూతకు తగిలింది. మూత మూసి, గొట్టం ముందుకు తెచ్చి, మళ్ళీ మూత ఎత్తబోయింది. లేవలేదు. గొట్టం పక్కకి జరిపింది, లేచింది. ముందుకు తెచ్చింది, లేవలేదు. జాకెట్టు హుక్కు సరిగా పడుతోందా లేదా చూసుకునే మనిషిలా, నిదానంగా, మళ్ళీ చూసింది.

"అన్నా, గన్ను ఇట్టా ఉంటే ఇది తెరుచుకోదా?"

"బొమ్మ కదా రవణమ్మా," అని భ్రమరాంబ అందుకుంది. "నేనే జిగురు పెట్టి పాడుచేశా. సరిగా కుదరలా."

"రవ్వంత తేడా లేదన్నాడుగా అన్న." ఆవిడ గొంతు పెరగలేదు. "ఆ రోజు గన్ను ఎటుంది?"

యాభై ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోసినవాడికి ఇంకొకటి ఎత్తుకోవడం ఎంతపని? ఎత్తుకోలేకపోయాడు.

"ముందుకే," అన్నాడు.

రవణమ్మ నన్ను మిషను బల్ల మీద పెట్టింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నొప్పి తెలీకుండా పోయాడన్నావు. ఆ మాట పట్టుకోని బతికినా అన్నా. ఆ మాట మీద తలబెట్టుకోని నిద్రపోయినా. ఇంక నువ్వు రాబాక."

అలా అంటూనే లేచి, దారిలో తినడానికని కట్టిన పులిహోర పొట్లం భ్రమరాంబ చేతిలో పెట్టింది. మనుషుల్లో నాకు ఎప్పటికీ అంతుపట్టనిది ఇదే. వెళ్తూ చెన్నకేశవులు గుమ్మం కనపడక భుజం తలుపుకు కొట్టుకున్నాడు. పట్టుకోవడానికి రవణమ్మ చెయ్యి లేచింది. సగంలో దించుకుంది.

నేను ఆమె దగ్గరే ఉండిపోయాను. ఫొటో పక్కన పెట్టలేదు, బయట పారెయ్యనూ లేదు. దారపు ఉండల మధ్య వదిలేసింది. దుమ్ము పట్టింది. ఫోను మోగేది. ఎవరు చేశారో చూసి, మోగనిచ్చి, మళ్ళీ మిషను తొక్కేది. ఒకసారి మాత్రం ఎత్తింది. ఎత్తి, "అట్టాగా... పూర్తిగానా వదినా?... వెలుతురు కూడానా?" అని అడిగింది. ఆ తర్వాత ఫోను పెట్టేసి, సూదిలో దారం ఎక్కించడానికి చాలాసేపు తంటాలు పడింది.

మాలకొండయ్య పోయిన రోజు మళ్ళీ వచ్చింది. పొద్దున్నే స్నానం చేసి వండింది. ఫొటో ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంది. మధ్యాహ్నం ఎండ గడప దాటి లోపలికి వచ్చే వేళకు, అన్నం ముట్టకుండానే, మిషను ముందు కుర్చీలో కూర్చుని తనే ఫోను చేసింది.

"అన్నా, నేను. అన్నం తిన్నావా?... తినకుండా ఎందుకున్నావు?... సరే, విను. ఇప్పుడు చెప్పు. లోపల్నించి ఆయన ఏమన్నాడు?... కాదు. నాకోసం తగ్గించి చెప్పబాక. నువ్వు ఒక్కడివే ఇన్నేళ్ళు విన్నావు. నాక్కూడా వినిపించు."

అవతలి మాటలు నాకు వినపడలేదు. కథ వినే పిల్లల్లా ఆవిడ ఊఁ కొట్టడం ఒక్కటే వినపడింది. మొదట వెంటవెంటనే. తర్వాత ఆగి ఆగి. ఎండ మిషను చక్రం మీదికి వచ్చింది. ఒకచోట ఊఁ రాలేదు. అవతల ఆయన కూడా ఆగిపోయినట్టున్నాడు. ఇద్దరిలో ఎవరూ ఫోను పెట్టలేదు.

చాలాసేపటికి రవణమ్మ చెంగుతో ముఖం తుడుచుకుని, ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"ఊఁ," అంది. "తర్వాత?"