కిటికీ సంచులు

మంగళవారం పొద్దున్నే ట్రామ్ దారి వైపున్న హోటల్ కిటికీలకు వేలాడే సంచులన్నీ మేనేజరు హార్కిన్ కోయించేశాడు. పొడవాటి కర్రకు కత్తి కట్టుకుని, కింద నిలబడి, పనివాడొకడు ఒక్కొక్కటే తెంపుతున్నాడు. పాలసీసాలు, వెన్న, పిల్లలకు దాచిన మాంసం ముక్కలు నేలపాలయ్యాయి. రెండో అంతస్తు నుంచి డింప్నా చూస్తూ నిలబడిపోయింది. ఆమె స్వెట్టర్ అంచు పట్టుకుని నిలబడింది ఆరేళ్ల కూతురు సైవ్.

"అమ్మా, మన పాలు" అంది పిల్ల.

దారిన పోయేవాళ్లకు అసహ్యంగా కనబడుతున్నాయట. పేదవాళ్ల ఆకలి ఉండవచ్చు గానీ కనబడకూడదు.

డబ్లిన్‌లో ఇల్లు దొరకని ముప్పై ఒక్క కుటుంబాలను నగరపాలక సంస్థ ఈ హోటల్లో పెట్టింది. కొన్ని వారాలే అన్నారు. డింప్నాకు ఇది పద్నాలుగో నెల. కుటుంబానికొక గది, గదికొక కెటిల్. పొయ్యి పెట్టకూడదు, ఫ్రిజ్ పెట్టకూడదు. తల్లులు కెటిల్లోనే గుడ్లు ఉడకబెట్టారు, పాస్తా నానబెట్టారు. అదీ పిల్లలకు మొహం మొత్తితే చిప్స్ కొట్టే దిక్కు. ప్రభుత్వమిచ్చే పిల్లల భత్యం చాలావరకు ఆ నూనె మూకుట్లోకే పోయేది. ఇక చలికాలమంతా కిటికీ అవతలి గాలే వాళ్ల ఫ్రిజ్.

ఆ గాలిని నమ్మి డింప్నా మోసపోయింది. మార్చిలో రెండు రోజులు ఎండ కాసింది. చలి ఇంకా పోలేదులే అనుకుని సంచిలోని కోడికూర సైవ్‌కు పెట్టింది. పిల్ల నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. తిండి ఎక్కడ దాస్తావని డాక్టరమ్మ అడిగితే, ఫ్రిజ్‌లో అని చెప్పింది. నిజం చెబితే బిడ్డను సాకలేని తల్లి అని రాసుకుని, ప్రభుత్వంవాళ్లు సైవ్‌ను ఎత్తుకుపోతారని భయం. ఆ అబద్ధం అప్పటినుంచీ ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

మధ్యాహ్నం బట్టలుతికే గదిలో అందరూ చేరారు. టాక్సీ నడిపే ఫెమి పత్రికలవాళ్లను పిలుద్దామన్నాడు. ముగ్గురు మనవళ్లను పెంచుతున్న కాన్సెప్టా అడ్డం తిరిగింది. అరవై దాటిన మనిషి, ఆమెకిది మూడో హోటలు.

"నోరు మూసుకుంటే నెత్తిన కప్పన్నా ఉంటుంది. ఈ వయసులో పిల్లల్నేసుకుని నాలుగో చోటికి పొమ్మంటావా?"

సగంమంది తలలూపారు. డింప్నా గోడకానుకుని నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా చెప్పింది.

"పిన్నీ, నా పిల్లకి పాడైపోయిన కూర నా చేత్తోనే పెట్టాను. ఆసుపత్రిలో ఫ్రిజ్ ఉందని అబద్ధమాడాను. నోరు మూసుకుంటే నాకు ఒరిగింది ఇదీ."

తర్వాత ఒకామె తన కొడుకు వాంతుల సంగతి చెప్పింది. ఇంకొకామె తనూ డాక్టరు దగ్గర అదే అబద్ధం ఆడానంది. ఎవరి తప్పు వాళ్లదే అనుకుని ఇన్నాళ్లూ సిగ్గుతో తలుపులు మూసుకున్నారు. ముప్పై ఒక్క గదుల్లో ఒకటే తప్పు జరుగుతుంటే అది తల్లుల తప్పెలా అవుతుంది?

అప్పుడు కాన్సెప్టా నోరు విప్పింది.

"కింద వంటగది ఉంది. పదకొండేళ్లు అందులో వండాను. టూరిస్టులు రావడం మానేశాక మమ్మల్ని పంపేసి తాళమేశారు. గ్యాసు మాత్రం తియ్యలేదు."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం పిన్నీ?" అన్నాడు ఫెమి.

"నువ్వు అడిగితేగా? ఎప్పుడూ ఆ టాక్సీ రేడియోకే చెవులప్పగిస్తావు."

చాలా రోజులకు అందరూ నవ్వారు. కానీ కాన్సెప్టా కళ్లలో నీళ్లు తిరిగాయి. భయపడ్డానని ఆమే ఒప్పుకుంది.

శనివారం మధ్యాహ్నం ముప్పై ఒక్క కుటుంబాలూ కిందికి దిగాయి. గదికో గుప్పెడు చొప్పున బంగాళాదుంపలు, క్యారెట్లు, ఉల్లిపాయలు, బార్లీ. అందరూ కలిసి కొన్న గొర్రె మెడ మాంసం. ఫెమి వంటగది తలుపు మరలు విప్పాడు. కాన్సెప్టా ఒక్కొక్క పొయ్యీ తుడిచి, గొట్టాలు తడిమి చూసి, తర్వాతే అగ్గిపుల్ల గీసింది. మంట నీలంగా లేచింది. పిల్లలు వరస కట్టారు. పళ్లేలు ఎక్కడివి? పళ్లు తోముకునే బ్రష్షులు పెట్టుకునే గ్లాసులు పట్టుకొచ్చారు.

వాసన పైకి పాకేసరికి హార్కిన్ దిగాడు. బీమా, నిబంధనలు అంటూ ఏదో చదివాడు. ఎవరూ కదల్లేదు. అరగంటకు ఇద్దరు పోలీసులొచ్చారు. ఎవరు మొదలుపెట్టారని అడిగితే, గరిటె పట్టుకున్న కాన్సెప్టాను హార్కిన్ వేలెత్తి చూపించాడు. ఆమె ఏప్రన్ విప్పి, మడిచి, గరిటెతో సహా డింప్నా చేతిలో పెట్టింది.

"మనవళ్లు జాగ్రత్త. అడుగంటనివ్వకు" అంది. అంతే, వాళ్ల వెంట వెళ్లిపోయింది.

గుంపు చీలిపోతుందనుకున్నాడు హార్కిన్. నేరుగా పొయ్యి దగ్గరికెళ్లి గ్యాసు కట్టేయబోయాడు. డింప్నా గ్యాసు మర మీద తన చెయ్యి పెట్టింది. తీయలేదు.

"ఇంకా పది నిమిషాలు ఉడకాలి సారూ. మాంసం పచ్చిగా ఉంది. చెడ్డ తిండి తింటే పిల్లలకేమవుతుందో నాకు తెలుసు. ఈసారి ఎవరడిగినా చెబుతాను, డాక్టర్లకీ, జడ్జీలకీ. కావాలంటే మీ పోలీసుల్ని మళ్లీ పిలవండి."

ఆమె వెనక ఫెమి వచ్చి నిలబడ్డాడు. తర్వాత మిగతావాళ్లు. గ్లాసు పట్టుకున్న సైవ్ వరసలోంచి కదల్లేదు. హార్కిన్ ఫోను తీసి రెండో పోలీసు బండిని పిలిచాడు.

బండి వచ్చేలోపు కూర ఉడికింది.